రాయిగారికి రాయునది ఏమనగా

మహారాజశ్రీ శంకుస్థాపన శిలాఫలకం గారి సముఖానికి,

తమరి వాచ్‌మన్, మాజీ హవల్దారు, నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

అలవాటు కొద్దీ అలా రాశాను గానీ, మనిద్దరిలో కుశలంగా ఉన్నది తమరొక్కరే. నాకు మోకాళ్లు పట్టేశాయి. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పాటు తమరికి అడ్డంగా నిలబడినందువల్ల కలిగిన ఫలితం ఇది. తమరికి ఏమీ కనిపించి ఉండదు. తమరి ముఖం ముందు నా వీపు. కనుక జరిగింది విన్నవించుకుంటాను.

శనివారం సాయంత్రం ఫోనొచ్చింది. "బాబాయ్, రేపు పెద్దవాళ్లు వస్తున్నారు. మాజీ సైనికులకు ప్రత్యేక గౌరవం ఉంటుంది. మెడల్స్ అన్నీ పెట్టుకుని రండి" అన్నారు. గౌరవం అనేసరికి మనిషి మెత్తబడతాడు కదండీ. రాత్రి పదింటి దాకా కూర్చుని మెడల్స్‌కి బ్రాసో పట్టించాను. మా ఆవిడ బ్లేజరు ఇస్త్రీ చేస్తూ, "సన్మానం అంటే శాలువా ఇస్తారా, శాలువాతో సరిపెడతారా?" అంది. ఆవిడకు ముందే తెలుసు. నాకే తెలియలేదు.

వెళ్లేసరికి తమరికి పది అడుగుల దూరంలో కొత్త శిలాఫలకం. అదే స్థలం, అదే బీడు, అవే మేకలు. తమరి మీద "రక్షణ రంగ విడిభాగాల తయారీ కేంద్రం" అని ఉంటే, దాని మీద "సమీకృత డిఫెన్స్ మాన్యుఫాక్చరింగ్ హబ్" అని ఉంది. తొమ్మిదేళ్లలో జరిగిన అభివృద్ధి ఇదే. కేంద్రం కాస్తా హబ్ అయింది. పేరులో ఇంగ్లిష్ పెరిగింది.

చేతిలో వాకీటాకీ పట్టుకున్న ఓ కుర్రాడు నా దగ్గరికొచ్చి, "అంకుల్, మీరు కొంచెం ఇటు. ఇంకొంచెం ఎడమకి. ఆఁ, అక్కడే. కదలకండి" అన్నాడు. వేదికకు దగ్గరగా, కెమెరాలకు ఎదురుగా నిలబెట్టాడు. ఛాతీ విరుచుకుని సావధాన్‌లో నిలబడ్డాను. గౌరవం మొదలైందనుకున్నాను. ఆ కుర్రాడు అటు తిరిగి వాకీటాకీలో అన్న మాట చెవిన పడింది.

"పాత రాయి కవరైంది సార్."

ఇక తమరు గిమరు నా వల్ల కాదు. నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

ఇరవై నాలుగేళ్ల సర్వీసులో నన్ను చాలా వాటి ముందు నిలబెట్టారు. గేటు ముందు, మందుగుండు గోదాం ముందు, మంచులో ఆగిపోయిన బండి ముందు. ప్రతిసారీ వెనకున్న దాన్ని కాపాడమనే నిలబెట్టారు. వెనకున్న దాన్ని దాచమని నిలబెట్టడం ఇదే మొదలు. ఏం, ఓ గోనెపట్టా దొరకలేదా? పూలకుండీలు లేవా? ఓ హవల్దారు, ఆయన మెడల్సూ అయితేనే ఫ్రేములో నిండుగా ఉంటుందనుకున్నారా?

నీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆ కొత్త రాయి, రాయి కాదు. ప్లైవుడ్డు. దాని మీద నల్లరాయిలా కనిపించే స్టిక్కరు అంటించారు. నువ్వు మాత్రం అసలైన చీమకుర్తి గ్రానైటువి. మన జిల్లా గనుల్లోంచి గెలాక్సీ గ్రానైటు అని ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది నీ జాతి. అది వదిలేసి, "స్థానిక తయారీకి పెద్దపీట" అని రాసిన చెక్కను పక్క రాష్ట్రం నుంచి వ్యానులో తెప్పించారు. పూజారిగారు కొబ్బరికాయ పట్టుకుని చెక్క వంక చూశారు, చుట్టూ చూశారు, చివరికి మెల్లగా నా వెనక్కొచ్చి నీ అంచుకే కొట్టి పోయారు. ఫొటోకి పనికిరాకపోయినా కొబ్బరికాయకి నువ్వే గతి అయ్యావు. నీళ్లు నా బ్లేజరు మీద పడ్డాయి.

నువ్వొక్కదానివే ఇలా ఉన్నావని కుమిలిపోకు. మీ వంశంలో ఇది కొత్త కాదు. కడప ఉక్కు సంగతి వినే ఉంటావు. 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి. ముగ్గురు ముఖ్యమంత్రులు, నాలుగు శంకుస్థాపనలు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి. విశాఖ ఉక్కు రాయి మీ అందరికంటే పెద్దది, 1966 ఉద్యమంలో 32 ప్రాణాలు పోయాక 1971 జనవరిలో పడింది. ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టులో. అంటే ఇరవై ఒక్క ఏళ్లు నిలబడింది ఆ రాయి. ఆ లెక్కన నీకింకా పన్నెండేళ్లు టైముంది. నాకుందో లేదో చెప్పలేను.

కానీ అన్ని రాళ్లూ నీలాంటివే అని నేను అనను. అబద్ధం ఆడను. నేను సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో బండ్ల మెకానిక్‌ని. పదకొండేళ్లు సారథ్‌ల కింద వీపు ఆనించి పడుకున్నవాణ్ని. సారథ్ అంటే బీఎంపీ-2, పదాతి దళాన్ని మోసే, ఇనుప పట్టాల్లాంటి ట్రాకుల మీద నడిచే బండి. డిజైను రష్యాది, తయారీ సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో. 1984లో ఆ ఫ్యాక్టరీ పెట్టారు, 1987లో తొలి బండి బయటికొచ్చింది. మొదట్లో బయటి నుంచి వచ్చిన విడిభాగాలే బిగించారు, నిజమే. తర్వాత తర్వాత చాలా వరకు ఇక్కడే చేసుకున్నారు. రాజస్థాన్ ఇసుకలో ట్రాకు లింకులను కలిపే పిన్ను కొడుతుంటే మా పంజాబీ నాయక్ ఏడిపించేవాడు, "మీ ఊరి బండి మళ్లీ మొరాయించింది చూడు" అని. బండి మొరాయించినందుకు కోపం వచ్చేది. మా ఊరి బండి అన్నందుకు మాత్రం లోపల బాగుండేది. ఎద్దుమైలారంలో కూడా నీలాంటి రాయి ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని నేనెప్పుడూ చూడలేదు. బండిని చూశాను. చూడాల్సింది అదే కదా.

అలాంటిదే ఇక్కడా వస్తుందని నమ్మాను. రిటైరయ్యి ఊరికి రాగానే నీ మీద చెక్కిన ఆఖరి వరుస చదివాను. "మాజీ సైనికుల కుటుంబాలకు ఉద్యోగాల్లో ప్రాధాన్యం." కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో గ్రూప్ సీలో 14.5 శాతం, గ్రూప్ డీలో 24.5 శాతం మాజీ సైనికులకని నాకు బట్టీ వచ్చు. ఈ అంకెలు మాకు గాయత్రి మంత్రం. సున్నాలో 14.5 శాతం ఎంతో తొమ్మిదేళ్లుగా లెక్క వేస్తూనే ఉన్నాను. అయినా నిన్ను అనకూడదులే. నీ పేరు మీద పుట్టిన ఉద్యోగం ఒకే ఒకటి, ఎవరైనా నిన్ను పగలగొట్టి రుబ్బురోలు చేసుకోకుండా చూసే వాచ్‌మన్ ఉద్యోగం. అది నాకే వచ్చింది. అంటే నీ దగ్గర మాజీ సైనికుల వాటా నూటికి నూరు. దేశంలో ఏ సంస్థా నీకు సాటి రాదు.

మిగతా గౌరవాల సంగతి ఎందుకులే. ఊళ్లో నాకు మర్యాద నెల మొదటి వారంలో పెరుగుతుంది, క్యాంటీన్‌లో కోటా సీసాలు తెచ్చుకునే రోజులు కదా. నవంబర్ వచ్చిందంటే పింఛను కోసం బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. గ్రీజులో అరిగిపోయిన బొటనవేలు ఆ వేలిముద్రల మెషీన్‌కి ఆనదు. "మరోసారి పెట్టండి, గట్టిగా పెట్టండి" అంటారు. నువ్వు తొమ్మిదేళ్లుగా చచ్చి పడున్నా నిన్ను ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు.

ఆదివారం నా పక్కన జనంలో మా లేత్ షాపు బావ కూడా నిలబడ్డాడు. ట్రాక్టరు విడిభాగాలు చేస్తాడు. చెయ్యి పెడితే నూలుపోగంత తేడా రాదు. ఉపన్యాసం సాగుతుంటే నా చెవిలో ఒకటే గొణుగుడు. "బావా, నాకు రాళ్లొద్దు, హబ్బులొద్దు. ఓ డ్రాయింగూ, యాభై పిన్నులకి ఓ ఆర్డరూ ఇప్పించమను. చేసి చూపిస్తా." రూలు ఆయన పక్షానే ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనే దాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. టెండరు డిపాజిట్టు మినహాయింపు కూడా ఉంది. చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి గణపతి పటం పక్కన పెట్టుకున్నాడు, ఇద్దరికీ కలిపే అగరొత్తి.

కానీ మిలటరీ బండికి పిన్ను చేయడమంటే ఇనుము కోసి ఇవ్వడం కాదు. అది నాకు తెలుసు, తేడా పిన్ను పెడితే ఏమవుతుందో చూసినవాణ్ని. ఏ ఉక్కుతో చేశారో పరీక్ష చేసిన కాగితం కావాలి. కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా పడాలి. గట్టిదనం కొలవాలి. వీటికి ఇక్కడ దిక్కు లేదు. నగరానికి మోసుకుపోయి ఒక్క ముక్క పరీక్ష చేయించుకొస్తే యాభై పిన్నుల లాభం అక్కడే హరీ. ఓ టెస్టింగ్ ల్యాబు, రోజంతా నిలబడే కరెంటు, లారీ దిగబడని రోడ్డు, చిన్నదైనా సరే ఏడాది పొడవునా ఆగకుండా వచ్చే ఆర్డరు. ఆయన అడిగేవి ఇంతే. వీటికెవరూ రిబ్బను కట్టరు. ఆర్డరు కాగితానికి పరదా వేసి లాగితే ఏం బాగుంటుంది చెప్పు? ఫొటోలో కనిపించదు.

ఈ ఫొటో దగ్గరే నాకు మండుతోంది. మోకాళ్లు నొప్పి పుట్టినందుకు కాదు. మూడు గంటలు వృథా అయినందుకూ కాదు, ఫౌజులో మూడు గంటలు నిలబడటం ఓ లెక్కా?

ఆదివారం రాత్రి మా వీధి చివరి కుర్రాడు ఫోన్ చేశాడు. అగ్నివీర్. నాలుగేళ్లు పూర్తి కావొస్తున్నాయి. వంద మందిలో పాతిక మందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లు ఇళ్లకు. వాడి గొంతులో హుషారు.

"బాబాయ్, మనూళ్లో ఫ్యాక్టరీ ఖాయమైందంట కదా! గ్రూపులో ఫొటో వచ్చింది. ఇలాంటివన్నీ ఉత్తివేనని మావాళ్లు అంటుంటారు. కానీ అందులో మీరున్నారు, మెడల్స్ పెట్టుకుని. మీరు నిలబడ్డారంటే నిజమే అయ్యుంటుంది అనుకున్నా."

విన్నావా? వాడు నమ్మింది హబ్‌ను కాదు. చెక్క మీద పేర్లను కాదు. నన్ను నమ్మాడు. నేను రాత్రి పదింటి దాకా కూర్చుని మెరిపించింది వాణ్ని మోసం చేయడానికన్నమాట. వాడికి ఏం చెప్పాలి? నేను ఫ్యాక్టరీ కోసం నిలబడలేదురా, రాయి కనబడకుండా నిలబడ్డానని చెప్పాలా? "ఊఁ, చూద్దాంలే అబ్బాయ్, సిగ్నల్ సరిగా లేదు" అని పెట్టేశాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

నిన్న కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. "రాళ్లు రెండయ్యాయి కదండీ, నైట్ డ్యూటీకి ఇంకో మనిషి కావాలి. మీకు తెలిసిన మిలటరీ కుర్రాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వాళ్లకే ప్రాధాన్యం" అన్నాడు. ఆ మాట, అక్షరం పొల్లుపోకుండా నీ ఆఖరి వరుసలోది. తొమ్మిదేళ్లకు నిజమైంది. ఉద్యోగాలు ఒక్క దెబ్బకు రెట్టింపు.

ఎవరి పేరూ చెప్పలేదు నేను. వారంలోగా చెప్పమన్నాడు. ఈలోగా ఆ కుర్రాడు మళ్లీ ఫోన్ చేస్తాడు, నాకు తెలుసు. వాడి టెన్షన్ వాడిది.

ఇట్లు,
ఆదివారం నీకు అడ్డంగా నిలబడ్డవాడు

తా.క.: రాత్రి గాలివానకు కొత్త శిలాఫలకం బోర్లా పడింది. "స్థానిక" అన్న అక్షరాలు ఊడిపోయాయి. డ్యూటీ డ్యూటీయే కనుక దాన్ని లేపాను. నిలబెట్టడానికి ఇంకేమీ దొరక్క నీకే ఆనించాను. కాస్త ఓపిక పట్టు.