రెండో రోజు చక్రాలు

నా కారు రెండేళ్లుగా గరాజ్‌లో నాలుగు స్టాండ్ల మీద నిలబడి ఉంది. ఇంజన్‌కు ఏ జబ్బూ లేదు. తాళం తిప్పితే వీధి చివరింటి కుక్క లేచి మొరుగుతుంది. గేర్లు పడతాయి, లైట్లు వెలుగుతాయి. లేనివల్లా చక్రాలే. దొరక్క కాదు, తేలక.

ఈ మాట చెబితే జనం నవ్వుతున్నారు. నవ్వాల్సిన విషయం కాదిది. మా పెళ్లిచూపులు నలభై నిమిషాల్లో తేలిపోయాయి, అందులో పావుగంట ఉప్మాకే పోయింది. ఇల్లు కొనడానికి రెండు శనివారాలు పట్టింది. అలాంటి తొందరపాటు మనిషి రెండేళ్లుగా ఆగాడంటే సంగతి ఎంత లోతైనదో ఆలోచించాలి కదా.

కారు 1968 డాడ్జ్ డార్ట్ జీటీఎస్. 340 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్, కంపెనీ లెక్కలో 275 హార్స్‌పవర్. సాఫ్ట్‌వేర్ వాడికి ఇదెందుకని అడక్కండి. డెట్రాయిట్ చుట్టుపక్కల ఇరవై ఏళ్లుంటే ఎవరికైనా ఏదో ఒకటి అంటుకుంటుంది. కొందరికి గోల్ఫ్ అంటుకుంది. వాళ్లను ఎవరూ ఏమీ అనడం లేదు.

కంపెనీ ఇచ్చిన చక్రాలే ఉంచుకోవచ్చుగా అని మా ఆవిడ మొదటి రోజే అడిగింది. అమాయకురాలు. పాత కండల కార్ల లోకంలో, అంటే పెద్ద ఇంజన్ల మజిల్ కార్ల లోకంలో, 'డే టూ' అని ఒక సిద్ధాంతం ఉంది. 1968లోనో 69లోనో ఒక కుర్రాడు షోరూం నుంచి కారు తెచ్చుకున్నాడు. అది మొదటి రోజు. మర్నాడు పొద్దున్నే కంపెనీ చక్రాలు పీకి గరాజ్‌లో ఓ మూల పడేసి, బజారులో కొన్న మెరిసే చక్రాలు బిగించాడు. అది రెండో రోజు. ఆ రెండో రోజు కారు ఎలా ఉండేదో సరిగ్గా అలా తయారుచేయడమే మా వ్రతం. మొదటి రోజు కారు కావాలంటే మ్యూజియంలో ఉంటుంది. మాకు కావాల్సింది ఆ కుర్రాడి ఆగడం. కాకపోతే పద్ధతి ప్రకారం, తేదీలు సరిపోయేలా, నిపుణులు తప్పు పట్టకుండా.

మొదట్లో నాకు ఈ బాధ లేదు. ఎందుకంటే నా కారుకు అసలు ఏవీ పట్టేవి కావు. చక్రం బిగించే ఐదు స్టడ్లూ, అంటే నట్లు ఎక్కే మర మేకులు, ఒక వృత్తం మీద ఉంటాయి. ఆ వృత్తం కొలతే చక్రానికి గోత్రం. షెవర్లే వాళ్లది నాలుగూ ముప్పావు అంగుళాలు. ఫోర్డుది నాలుగున్నర. క్రైస్లర్ వాళ్ల పెద్ద కార్లదీ నాలుగున్నరే. నా డార్ట్‌ది మాత్రం నాలుగు. మన పెళ్లిళ్లలో గోత్రం ఒకటైతే సంబంధం తప్పిపోతుంది, ఇక్కడ ఒకటి కాకపోతే తప్పిపోతుంది. అంతే తేడా. ఆ నాలుగంగుళాల పుణ్యమా అని నాకు కోరికలు తక్కువ, నిద్ర ఎక్కువ. కంపెనీ ఇచ్చిన పద్నాలుగు అంగుళాల ఇనప చక్రాల మీద హాయిగా తిరుగుతుండేవాణ్ని.

అంతా చెడింది ఒక నట్టు దగ్గర. ఆ కాలపు క్రైస్లర్ కార్లలో ఎడమ వైపు చక్రాల మర ఎదురు తిరుగుతుంది. లోకమంతా విప్పే వైపుకి తిప్పితే అది బిగుస్తుంది. చక్రం తిరిగే వేగానికి నట్లు వాటంతటవే ఊడిపోకూడదని ఆ కంపెనీ ఇంజనీర్ల భయం. లోకంలో మిగతా కార్ల నట్లు మామూలు మరతోనే ఊడకుండా ఉంటున్నాయని గమనించి, ఆ అలవాటు మానడానికి వాళ్లకు 1970ల దాకా పట్టింది. స్టడ్డు కొసన చిన్నగా 'ఎల్' అని అక్షరం ఉంటుంది. తెలిసినవాడికి అది హెచ్చరిక, తెలియనివాడికి మురికి. టైర్ల షాపులో ఓ కుర్రాడు, ఇరవై నిండి ఉండవు, నట్లు విప్పే గన్ పెట్టి నొక్కాడు. నట్టు రాలేదు. ఇంకాస్త నొక్కాడు. పుటుక్కుమంది. ఇదేదో తుప్పు పట్టిందనుకుని పక్కదాని మీద పెట్టాడు. మూడోది విరిగాక నా వైపు తిరిగి, మీ కారుకేదో ప్రాబ్లం ఉన్నట్టుందండీ అన్నాడు. ఆ మూడు ముక్కలూ నా అరచేతిలో పెట్టాడు, ప్రసాదంలా.

విరిగిన స్టడ్లు మార్చాలంటే బ్రేకు డ్రమ్ము విప్పాలి. విప్పాం. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది: "ఎలాగూ విప్పాం కదా."

తెలుగులో ఇంతకంటే ఖరీదైన వాక్యం లేదు. బాత్రూంలో కుళాయి కారుతోందని ప్లంబర్‌ను పిలిచి టైల్స్‌తో సహా మార్పించుకున్న వాళ్లను అడగండి. ఎలాగూ విప్పాం కదా అని ముందు డ్రమ్ము బ్రేకులు తీసేసి, 1973 నుంచి వచ్చిన డార్ట్ డిస్క్ బ్రేకులు వేయించాను. వాటితో పాటు నాలుగున్నర వృత్తం వచ్చింది. ముందు నాలుగున్నర, వెనక నాలుగు ఉంటే బాగోదని వెనక యాక్సిల్ షాఫ్టులు మార్పించాను. ఎడమ మర పీడా వదిలింది. పాత చక్రాలు పట్టడం మానేశాయి. కారు స్టాండ్లెక్కింది. ఇప్పుడు లోకంలోని చక్రాల్లో సగం నా కారుకు సరిపోతాయి. నా కష్టమల్లా అక్కడే మొదలైంది.

చక్రాల్లో ప్రధానంగా రెండు మతాలు. ఒకటి టార్క్ థ్రస్ట్. అమెరికన్ రేసింగ్ అనే కంపెనీ 1963లో తెచ్చింది. బూడిద రంగు, ఐదు ఊచలు, మధ్యలో లావుగా మొదలై అంచుకు పోయేకొద్దీ సన్నబడతాయి. చూడ్డానికి తక్కువ మాట్లాడే మనిషిలా ఉంటుంది. రెండోది క్రేగర్ ఎస్ఎస్. 1964లో వచ్చింది. ఐదు ఊచలే, కానీ ఒళ్లంతా క్రోమ్. పెళ్లికి ముందే నగలన్నీ పెట్టుకుని తిరిగే రకం. ఈ రెండు వర్గాల మధ్య వియ్యం ఉండదు. టార్క్ థ్రస్ట్ వాళ్లు క్రేగర్‌ను అద్దంలో ముఖం చూసుకునేవాళ్ల చక్రం అంటారు. క్రేగర్ వాళ్లు టార్క్ థ్రస్ట్‌ను అందరూ వేసుకునే చక్రం అంటారు. ఇద్దరి మాటా నిజమే కాబట్టి గొడవ తెగడం లేదు. కీస్టోన్ క్లాసిక్ అని మూడో శాఖ ఉంది. వాళ్లు మైనారిటీ, కాబట్టి మరీ పట్టుదల మనుషులు.

అన్నట్టు, మన ఊళ్లలో బైకులకు మ్యాగ్ వీల్స్ అంటామే, ఆ మ్యాగ్ ఈ దేశపు రేసుల నుంచి వచ్చిందే. మ్యాగ్ అంటే మెగ్నీషియం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టెడ్ హాలిబ్రాండ్ అనే ఆయన రేసు కార్లకు మెగ్నీషియం చక్రాలు పోసేవాడు. ఇనుములో నాలుగో వంతు కంటే తక్కువ బరువు. కాకపోతే ఊరికే తుప్పెక్కుతుంది, అంటుకుంటే నీళ్లు పోసినకొద్దీ ఇంకా మండుతుంది. రోడ్డు మీదకొచ్చేసరికి అల్యూమినియం పోసి పేరు మాత్రం అదే ఉంచారు. జీడిపప్పు లేని జీడిపప్పు ఉప్మా లాగన్నమాట.

సరే, టార్క్ థ్రస్ట్ అనుకున్నాను. తీరా చూస్తే పాత రకం టార్క్ థ్రస్ట్ ఊచలు డిస్క్ బ్రేకు కాలిపర్‌కు, అంటే డిస్కును నొక్కిపట్టే ముక్కకు, తగులుతాయి. అందుకే ఆ కంపెనీ ఊచలను ముందుకు వంచి టార్క్ థ్రస్ట్ డి అని ఇంకోటి తెచ్చింది. డి అంటే డిస్క్. అంటే చక్రం పట్టడం కోసం బ్రేకులు మార్చాను, మార్చిన బ్రేకులకు ఆ చక్రం పట్టదు. డి కొనొచ్చు. కానీ మనసు ముందే మొదటి దాని మీద పడిపోయింది. చెల్లెలు కూడా బావుంటుందని పెళ్లిళ్ల పేరయ్య అన్నంత మాత్రాన సరిపోతుందా?

క్రేగర్ వైపు వెళ్లాను. పాత క్రేగర్లలో నట్టు రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా ఉండే రకం ఒకటుంది. తగిన వాషర్ వేస్తే ఫోర్డుకూ షెవర్లేకూ అదే చక్రం. ఎవరింటికైనా కోడలిగా వెళ్లగల పిల్ల. సరిగ్గా అందుకే పెద్దలు అనుమానిస్తారు. అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో పాత కార్ల సంత జరుగుతుంది, అక్కడ దొరికాయి. నీలం పట్టా మీద నాలుగు. వంగి చూశాను. మూడింటి క్రోమ్ మీద సన్నటి గోధుమరంగు చుక్కలు, మామిడిపండు మీద మచ్చల్లా. నాలుగోది తళతళలాడుతోంది. ఒకటి మాత్రం కొత్తగా ఎందుకుంది అని అడిగితే, అది స్పేర్ అయ్యుంటుంది అన్నాడు ముసలాయన. నాకు చెమటలు పట్టాయి. మూడు పాతవీ ఒకటి కొత్తదీ పెట్టుకు తిరగలేను. కొత్తదాన్ని పాతగా చేయించనా, పాతవాటికి క్రోమ్ వేయించి యాభై ఏళ్ల చరిత్ర చెరిపేయనా? పైగా సెంటర్ క్యాపులు, అంటే చక్రం నడిమి మూతలు, మూడే ఉన్నాయి. నాలుగోది విడిగా వేరేచోట దొరుకుతుందట, చక్రంతో సమానమైన ధరకి. తొమ్మిది గంటలు డ్రైవ్ చేసి వెళ్లి, ఒక వేయించిన మొక్కజొన్న పొత్తు తిని, తొమ్మిది గంటలు వెనక్కి వచ్చాను.

తర్వాత బ్యాక్‌స్పేసింగ్ అనే విద్య నేర్చాను, చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే కొలత అది. చక్రాన్ని బోర్లా పడుకోబెట్టి, వెనక అంచుల మీద అడ్డంగా ఒక తిన్నని కర్ర పెట్టి, అక్కడి నుంచి హబ్బుకు ఆనే చోటుదాకా కొలవాలి. పదిహేను అంగుళాల చక్రం మీద పడుకునేంత తిన్నని కర్ర మా ఇంట్లో ఒకటే ఉంది, హాల్లో కర్టెన్ రాడ్. ఏడంగుళాల చక్రం అంటారు గానీ అది టైరు కూర్చునే చోటి కొలత. అంచుతో అంచు కొలిస్తే దాదాపు ఎనిమిది. అందులో నాలుగు వెనక్కి ఉంటే చక్రం సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టు. మరీ తక్కువైతే టైరు ఫెండర్‌ను, అంటే చక్రం పైన ఉండే రేకును, గీరుతుంది, మరీ ఎక్కువైతే లోపల స్ప్రింగును గీరుతుంది. ఆ అరంగుళం మీద నేను నలభై పేజీల నోట్స్ రాసుకున్నాను. కర్టెన్ లేని హాల్లో మూడు వారాలు వీధి జనం చూస్తుండగా అన్నం తిన్నాం.

ట్రాయ్‌లో ఉండే మా తమ్ముడి వరసవాడు ఒకడు, మంచివాడే, ఓ రోజు వచ్చి కారు చుట్టూ తిరిగి చూసి, "అన్నా, ఎందుకీ గొడవంతా, ఇరవై ఇంచులవి బ్లాక్ వేసెయ్" అన్నాడు. ఆ సంక్రాంతికి వాణ్ని పిలవలేదు.

నోవై వేంకటేశ్వరస్వామి గుడిలో వాహన పూజ చేయిద్దామని మా ఆవిడ మూడుసార్లు నిమ్మకాయలు తెచ్చింది. చక్రాలుంటే కదా వాటి కింద పెట్టడానికి. మూడుసార్లూ పులిహోర కలిపేసింది. ఈ దేశంలో పనికిరాని కారును నిమ్మకాయ అంటారని పక్కింటాయనే చెప్పాడు. కొత్త కారు కింద మేం నిమ్మకాయలు పెట్టి తొక్కించడం చూసినప్పుడల్లా, ఈ ఇండియన్లు కంపెనీ మీద ఎంత బాహాటంగా నిరసన తెలుపుతారో అనుకునేవాడట.

ఆ పక్కింటాయన కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. మొన్న మే నెలలో కంచె మీదుగా మాటల్లో బయటపడింది, ఆయనకు 1969లో ప్లిమత్ రోడ్ రన్నర్ ఉండేదట. కొన్న మర్నాడే చక్రాలు మార్చాడట. నా కాళ్లు వణికాయి. రెండేళ్లుగా నేను పుస్తకాల్లో వెతుకుతున్న రెండో రోజు కుర్రాడు గడ్డి కోస్తూ నా పక్కింట్లో ఉన్నాడు. లోపలికి పరిగెత్తి నోట్స్ తెచ్చుకుని, ఏ చక్రాలు, ఎలా ఎంచుకున్నారు అని అడిగాను.

షాపు మూసేస్తున్నారట. ముందు వరసలో ఉన్నవి ఇమ్మన్నాడట.

బ్యాక్‌స్పేసింగ్ ఎంత అన్నాను. అంటే ఏమిటన్నాడు. మరి టైరు ఫెండర్‌కు గీరలేదా అన్నాను. గీరిందన్నాడు, సుత్తితో ఫెండర్ అంచు లోపలికి కొట్టానన్నాడు. టైరు మీద తెల్లక్షరాలు బయటికా లోపలికా? గుర్తులేదు. పోనీ సెంటర్ క్యాపులేం చేశారు? ఒకటి యాష్‌ట్రేగా వాడాడట, మిగతావి రోడ్డు మీద ఎక్కడో పోయాయట. అలాంటి మనుషుల చేతుల్లో ఉండేవి ఆ కార్లు. నేను నోట్స్ మూసి, మర్యాదకు ఇంకో రెండు నిమిషాలు నిలబడి లోపలికి వచ్చేశాను. ఒక కాలానికి సాక్షి అయినంత మాత్రాన ఆ కాలం గురించి తెలియాలని లేదని ఆ రాత్రి మా ఆవిడకు వివరించాను. ఆవిడ కర్టెన్ రాడ్ గురించి అడిగింది.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వార్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. 1995 నుంచీ ఉంది. ఆ రోజు పాత కార్లన్నీ ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా మెల్లగా ఊరేగుతాయి. ఈసారి నా డార్ట్ అందులో ఉంటుందని అందరికీ చెప్పాను. ఫ్యామిలీ వ్యాన్‌లో వెళ్లాం. రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. నేను మా అమ్మాయికి పాఠం మొదలుపెట్టాను: అదిగో టార్క్ థ్రస్ట్, ఇది క్రేగర్, ఆ నల్ల కారుది తప్పు, సెంటర్ క్యాప్ ఆ ఏడాదిది కాదు. ఓ గంట విన్నాక అది అడిగింది, "నాన్నా, మన వ్యాన్‌వి ఏ వీల్స్?"

వెనక్కి తిరిగి చూశాను. ఐదేళ్లుగా రోజూ నడుపుతున్న బండి. ముందు ఎడమ చక్రానికి క్యాప్ లేదు. ఎప్పుడు పోయిందో.