‘కడుపునొప్పి’ వెనుక

‘కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య’. మన పత్రికల జిల్లా పేజీల్లో దశాబ్దాలుగా కనిపిస్తున్న మాట ఇది. మేమూ ఎన్నోసార్లు అచ్చువేశాం. పంచనామాలో ఉన్నది ఉన్నట్టు ఇచ్చామే గానీ, ఆ నొప్పి ఎక్కడిదని అడగలేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. కారణాల పట్టికలో ‘కుటుంబ సమస్యలు’ 31.7 శాతం, ‘అనారోగ్యం’ 18.4 శాతం. సగం చావులను ఈ రెండు గడుల్లో సర్దేశారు. కుటుంబ సమస్య అంటే ఏమిటి? వడ్డీవాళ్లు గుమ్మంలో కూర్చోవడమా? రోజూ తాగొచ్చి కొట్టే భర్తా? మనిషిని అంతదాకా నెట్టేవి సాధారణంగా నాలుగైదు బాధలు కలిసి. కాగితం మీద మిగిలేది ఒక్కటే.

ఆ ఒక్క మాట పుట్టే గంటను తలచుకోండి. శవం మార్చురీలో ఉంటుంది. ఎస్సై అడుగుతుంటాడు. కేసవుతుందేమో, పరువు పోతుందేమో అన్న టెన్షన్‌లో ఇంటివాళ్లు ఏదో ఒకటి చెప్పేస్తారు. అసలు పంచనామా పనే వేరు, ఇందులో నేరం ఉందా లేదా అని చూడటం. పెళ్లయిన ఏడేళ్లలోపు మహిళ ఇలా చనిపోతే చట్టం గట్టిగా ఆరా తీయమంటుంది, మేజిస్ట్రేటు విచారణ ఉంటుంది. ఎనిమిదో ఏట పోయిన ఇల్లాలికి ఆ పట్టింపు లేదు. 2022 లెక్కల్లో గృహిణులు 25,309 మంది.

కౌలు రైతుకు జరిగేది ఇంకా అన్యాయం. 2004 నాటి జీవో 421 ప్రకారం రైతు ఆత్మహత్యను ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు (ఏడీ) కలిసి నిర్ధారించాలి. అక్కడ భూమి కాగితం, అప్పు కాగితం అడుగుతారు. నోటిమాట కౌలుకు, చేబదులుకు కాగితం ఎక్కణ్నుంచి తెస్తారు? ఆ ఇంటికి పరిహారం రాదు, పోయిన మనిషి రైతుగానూ మిగలడు.

నిజం తెలుసుకునే దారి లేక కాదు. శిక్షణ పొందినవాళ్లు ఇంటింటికీ వెళ్లి, నింపాదిగా అడిగి చేసిన అధ్యయనం 2012లో లాన్సెట్‌ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2010లో సుమారు 1,87,000 ఆత్మహత్యలని అది తేల్చింది. అదే ఏడాది పోలీసు లెక్క దాదాపు 1,34,600. సుమారు 52 వేల ప్రాణాల తేడా!

రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ పనిని పోలీసుల నెత్తినే వదిలేయకూడదు. కొన్ని వారాలు ఆగి, దుఃఖం కాస్త నెమ్మదించాక, వైద్యారోగ్య శాఖ మనిషి ఆ ఇంటికి వెళ్లాలి. చెప్పిన మాట కోర్టుకు పోదని, పేరు బయటికి రాదని చట్టపరమైన హామీ ఉండాలి. అప్పు, తాగుడు, హింస, జబ్బు, చదువు ఒత్తిడి, ఎన్ని ఉంటే అన్నీ రాసుకోవాలి. ఏ మండలంలో ఏ బాధ ఎక్కువో అప్పుడు తెలుస్తుంది, సాయం అక్కడికి పంపొచ్చు. మేమూ ఇకపై ఒక్క కారణం తగిలించి వార్త రాయం.

ఇది చదువుతున్న మీ మనసులోనే ఆ ఆలోచన మెదులుతుంటే, దయచేసి ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌లో ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.