చిల్లు ఒక చోట, చినుకు ఇంకో చోట

కార్తీక మాసం, ముసురు. ఏడు సీట్ల బండిలో ఏడుగురు, ఒళ్ళో ఒక పిల్లాడు. టాపు మీద కొత్త క్యారియర్, దాని మీద టార్పాలిన్ కప్పిన నాలుగు సూట్‌కేసులు. 1974లో వేసిన తిరుమల ఎగువ ఘాట్ రోడ్డు మీద బండి ముక్కు పైకెత్తుకుని ఎక్కుతోంది. వెనక వరసలో కూర్చున్న అత్తగారి పాపిట్లో టప్పున ఒక చుక్క పడింది. ఆవిడ పైకి చూశారు. రెండో చుక్క కళ్ళజోడు మీద పడింది.

"బాబూ, ఆ ఏసీ కాస్త తగ్గించండి, కారుతోంది."

అల్లుడు ఏసీ కట్టేశాడు. చుక్క కట్టలేదు. కొండెక్కేసరికి ఆవిడ పట్టుచీర భుజం దగ్గర అరచేయంత మేర తడిసి రంగు మారింది. దర్శనానికి తడిబట్టలతో వెళ్తే పుణ్యమేనని మామగారు సర్దిచెప్పబోయారు. ఆ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు దిగడం 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీద. అత్తగారు ముందుజాగ్రత్తగా నెత్తిన రెండు తువాళ్ళు కప్పుకుని తన చోటే కూర్చున్నారు. చుక్క ఆవిడ జోలికే పోలేదు. ముందు సీట్లో బావమరిది అప్పుడే గుండు చేయించుకుని, చల్లగా చందనం పూసుకుని కూర్చున్నాడు. సరిగ్గా ఆ నడినెత్తిన పడింది. ఒకటి కాదు, బ్రేకు తొక్కినప్పుడల్లా ఒకటి. చందనం కరిగి చెవి మీదుగా చొక్కాలోకి పోయింది.

బండి ఎక్కుతుంటే వెనక, దిగుతుంటే ముందు. కుడి మలుపు తిరిగితే ఎడమ వైపు వాళ్ళకి, ఎడమ మలుపు తిరిగితే కుడి వైపు వాళ్ళకి. దేవుడు చూపిస్తున్నాడని అత్తగారు, అద్దం రబ్బరు పోయిందని మామగారు, కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించలేదని వెనక నుంచి ఇంకెవరో. నీళ్ళు దూరుతున్నది మాత్రం టాపు మీద ఒక్క బోల్టు దగ్గర. టాపు రేకు కింద అడ్డంగా మూడు నాలుగు పట్టీలు దూలాల్లా ఉంటాయి. రేకు దడదడలాడకుండా వాటికీ రేకుకీ మధ్య అక్కడక్కడా మెత్తటి జిగురు ముద్దలు పెడతారు. బోల్టు పక్కన దిగిన నీళ్ళు ఆ పట్టీ వెంట పాకి, కింద ఉన్న లైనింగు అట్ట మీద చేరతాయి. అట్ట కొంత తాగుతుంది. మిగతాది పైనే నిలిచి, బండి ఎటు వంగితే అటు పోయి, దొరికిన మొదటి సందులోంచి దిగుతుంది. అందుకే చుక్క పడిన చోట పైన వెతికితే ఏమీ కనబడదు. పూరింట్లో చూరు కారినా ఇంతే, కుండ పెట్టేది ఒక చోట, తాటాకు చిరిగేది ఇంకో చోట.

ఇక ఆ బోల్టు పుట్టుపూర్వోత్తరాలు. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు బెజవాడలో, ఇంటి ముందు వేపచెట్టు కింద, బావమరిది చేతుల మీదుగా జరిగింది.

"ఎనిమిది బొక్కలు బావా. పావుగంట పని. దీనికి షెడ్డుకి ఎందుకు?"

అంబాసిడర్ రోజుల్లో ఈ బాధ లేదు. టాపు చుట్టూ వాననీళ్ళు పోవడానికి చిన్న గాడి ఉండేది. క్యారియర్ కాళ్ళు ఆ గాడిని కొక్కేల్లా పట్టుకునేవి, రేకుకి చిల్లే అక్కర్లేదు. ఈ కాలం బళ్ళు నున్నగా ఉంటాయి కాబట్టి బావమరిది కొన్న క్యారియర్‌తో పాటు ఒక పొట్లం వచ్చింది. అందులో ఎనిమిది రివ్‌నట్లు, అంటే రేకు చిల్లులో ఇరికించి బిగిస్తే అక్కడే పట్టుకునే, లోపల మరలున్న గొట్టపు నట్లు, ఎనిమిది 6 మిల్లీమీటర్ల బోల్టులు. ఒక్కో రివ్‌నట్టుకు 9 మిల్లీమీటర్ల చిల్లు కావాలి. ఏసీ బిగించే కుర్రాడి దగ్గర డ్రిల్లింగ్ మిషను ఎరువు దొరికింది.

పంచ్ కొట్టి చిన్న గుంట చేసుకోకుండా బిట్టు నేరుగా పెయింటు మీద ఆనించాడు. అది జారి, తెల్లటి టాపు మీద నెలవంక గీసింది. రెండోసారి గట్టిగా అదిమాడు. రేకు మందం 0.7 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, బిట్టుకి అదొక అప్పడం. ఆగమని చెప్పే కాలరు గానీ, కనీసం బిట్టుకి చుట్టిన టేపు గానీ లేకపోవడంతో అది రేకును దాటి లైనింగులోకి దిగి, బొట్టుబిళ్ళంత కన్నం పెట్టింది. తరవాత గుండు మీద పడ్డ చుక్కలన్నీ దిగింది ఆ కన్నంలోంచే! ఇంకో నాలుగు వేళ్ళు అంచుకి జరిగి ఉంటే తలుపుల పైన మడతపెట్టి ఉంచే కర్టెన్ ఎయిర్‌బ్యాగుకి బిట్టు తగిలేది. అప్పుడు లీకు గురించి మాట్లాడుకునే తీరికే ఉండేది కాదు.

చిల్లుల అంచులకు ఆకురాయి పెట్టలేదు, పెయింటు తాకించలేదు. మెరిసే ఇనుము అలాగే ఉండిపోయింది. డ్రిల్లింగు రజను చేత్తో తుడిచాడు. వేడి రజను పెయింటుకి అతుక్కుపోతుంది. రాత్రి మంచు పడి, తెల్లారేసరికి టాపు నిండా కారప్పొడి చల్లినట్టు తుప్పు చుక్కలు.

అసలు ఘనకార్యం సీలెంటు. బాత్రూము పని చేయించగా మిగిలిన సిలికాన్ గొట్టం ఇంట్లో ఉంది. నొక్కితే గుప్పున వెనిగర్ వాసన. ఆ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. టైల్సుకీ గాజుకీ నష్టం లేదు గానీ, పచ్చి ఇనుముకి అది తుప్పుకి పెట్టిన పెరుగుతోడు. కొన్నాళ్ళకి సిలికాన్ కింద రేకు పొట్టు లేస్తుంది. పైకి మాత్రం తెల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది.

ఆపైన బిగింపు. పానాకి పైపు తొడిగి, నరాలు ఉబ్బేదాకా బిగించాడు. గట్టిగా ఉంటే నీళ్ళు రావని లెక్క. బోల్టు చుట్టూ రేకు సాసరులా గుంటపడింది. నున్నటి టాపు మీద నీళ్ళు జారిపోయేవి, ఇప్పుడు ఎనిమిది బోల్టులకీ ఎనిమిది చెరువులు. సీలెంటంతా పక్కకి చిమ్మి, కాలికీ రేకుకీ మధ్య మిగిలింది కాగితమంత పొర. దానికి తోడు ఆ రివ్‌నట్లు అడుగు తెరుచుకుని ఉన్న రకం. బయట ఎంత పూసినా, బోల్టు మరల గాడి వెంట తిరుగుతూ నీరు మెట్లు దిగినట్టు లోపలికి దిగుతుంది. అడుగు మూసిన రకం కూడా దొరుకుతుంది, ధరలో తేడా కొద్దిగానే.

చివరగా పరీక్ష. టాపు మీద రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించాడు. లోపల చుక్క లేదు.

"చూశావా బావా?"

బావగారు చూశారు. నిలబడ్డ బండి మీద గుమ్మరించిన నీళ్ళు అర నిమిషంలో జారిపోతాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో క్యారియర్ కాలి ముందు భాగానికి గాలి కొట్టే ఒత్తిడి, మూడు సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు నిలబెట్టినంత ఉంటుంది. వానలో నాయుడుపేట నుంచి తిరుపతి దాకా ఆ ఒత్తిడి ఆగకుండా నీటిని సందులోకి నెడుతూనే ఉంది. అలిపిరి తనిఖీ దగ్గర సామాను దించి మళ్ళీ ఎక్కించేటప్పుడు క్యారియర్ మీద వేలాడిన మనుషుల బరువు మిగతా పని చేసింది.

ఊరికి తిరిగొచ్చాక బావమరిది పట్టువదలని విక్రమార్కుడయ్యాడు. కుళాయిలకు పెట్టే ఎపాక్సీ లప్పం, రెండు ముద్దలు కలిపి పిసికేది, తెచ్చి బోల్టుల చుట్టూ కుడుముల్లా పెట్టాడు. రాయిలా గట్టిపడింది. తప్పంతా ఆ గట్టితనంలోనే ఉంది. క్యారియర్ కడ్డీ అల్యూమినియం, టాపు ఉక్కు. ఎండలో 40 డిగ్రీలు వేడి పెరిగితే మీటరు పొడవులో అల్యూమినియం ఉక్కు కంటే 0.4 మిల్లీమీటర్లు ఎక్కువ సాగుతుంది. పొద్దున సాగి, రాత్రి ముడుచుకుని, రోజూ ఇదే తంతు. సాగే గుణం లేని లప్పం నాలుగో రోజుకి వెంట్రుక వాసి పగిలింది. వెంట్రుక వాసి పగులు నీటిని పీల్చుకుంటుంది. పెద్ద కన్నమే నయం, కనీసం తొందరగా ఆరుతుంది.

అప్పుడు టింకరింగు మేస్త్రి దగ్గరికి వెళ్ళారు. ఆయన టాపు అంచున పొడుగ్గా ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీలో చిన్న మూత ఒకటి గోటితో లేపి చూపించాడు. లోపల కంపెనీ వాళ్ళు ఇచ్చిన, మరలున్న చిల్లు. అటొకటి, ఇటొకటి, వెనక రెండు.

"వీటికి సరిపడే కాళ్ళున్న క్యారియర్ కొని ఉంటే అసలు డ్రిల్లే అక్కర్లేదు సార్."

బావమరిది గుండు నిమురుకున్నాడు. వెంట్రుకలు అప్పుడప్పుడే వస్తున్నాయి.

"సరే, ఉన్న ఎనిమిది చిల్లులూ ఎలాగూ మూయాలి కదా. బోల్టుతోనే మూస్తే క్యారియర్ కూడా దక్కుతుంది" అన్నాడు మేస్త్రి. బావగారు ఖర్చు లెక్క వేసుకుని తలూపారు.

ముందు బ్యాటరీ మైనస్ తీగ తీసి, ఎయిర్‌బ్యాగుల కోసం కొన్ని నిమిషాలు ఆగి, తరవాతే లైనింగు మీద చెయ్యి వేశాడు. లోపలి దీపం, ఎండ తెరలు, చేతిపిడులు, స్తంభాల మీది ప్లాస్టిక్ తీస్తే లైనింగు కిందికి వాలింది. దాంతో పాటు బావమరిది ఒళ్ళో లోటాడు నీళ్ళు. ఆ తరవాత గొట్టంతో మెల్లగా, ధార చిమ్మకుండా, కింది నుంచి పైకి తడిపించాడు. ముందు అద్దం అంచు ఐదు నిమిషాలు, టాపు గాడి ఐదు నిమిషాలు, ఆఖర్న ఒక్కో బోల్టు. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి దొంగ దొరకడు. లోపల టార్చితో కూర్చున్న బావమరిది ఎడమ వైపు రెండో బోల్టు దగ్గర "వచ్చింది, వచ్చింది" అని అరిచాడు. పొదుగులోంచి పాలు దిగినంత సంబరం. మిగతా ఏడింటిలో రెండు కూడా చెమ్మ పట్టి ఉన్నాయి, మాట్లాడకుండా.

రివ్‌నట్లన్నీ పీకేసి, అంచులకు గుండ్రటి ఆకురాయి వేసి, రజను వ్యాక్యూమ్‌తో లాగి, సిలికాన్ మిగులు పొర కూడా లేకుండా గీకాడు. సిలికాన్ మరక మీద పెయింటు గానీ ఇంకో సీలెంటు గానీ పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పచ్చి ఇనుముకి ప్రైమరు, ఆరాక రెండు చేతులు రంగు. ఆ ఆరే సమయంలో బావమరిది మూడుసార్లు "అయిపోయిందా అన్నా?" అని అడిగాడు. మేస్త్రి మూడుసార్లూ టీ తాగాడు.

కింది వైపు ఒక్కో చిల్లుకి 50 మిల్లీమీటర్ల చదరపు, 3 మిల్లీమీటర్ల మందం ఉక్కు బిళ్ళ, రెండు వైపులా రంగు వేసింది. బరువు వెడల్పుగా పంచితే రేకు మళ్ళీ గుంటపడదు. 9 మిల్లీమీటర్ల చిల్లులో 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టు, కాలి కింద ఎండావానలకు తట్టుకునే ఈపీడీఎం రబ్బరు మెత్త, ఆ మెత్తకి రెండు వైపులా బ్యూటైల్ టేపు (గట్టిపడకుండా మెత్తగానే ఉండే జిగురు పట్టీ) చుట్ట, బోల్టు తల కింద కూడా సన్నగా తాడులా పేనిన బ్యూటైల్. ఎప్పుడో తీయాల్సిన క్యారియర్‌కి బ్యూటైలే మేలు. పాలీయురెథేన్ సీలెంటు కూడా బ్రహ్మాండంగా సాగుతుంది, కానీ రోజుకి 3 మిల్లీమీటర్ల లోతు చొప్పునే గట్టిపడుతుంది, పైగా ఊడదీయాలంటే కత్తీ కన్నీళ్ళూ కావాలి.

"తమ్ముడూ, పైన పానాతో బోల్టు తల కదలకుండా పట్టుకో. తిప్పేది నేను, కింద నట్టుని."

బోల్టు తిరిగితే చుట్టిన బ్యూటైల్ మెలిపడి చిరుగుతుంది. ఎనిమిది బోల్టుల్లో ఇది ఒక్కటే బావమరిది శ్రద్ధగా విన్న సలహా. టేపు చుట్టూ సమంగా ఉబ్బి బయటికి వచ్చేదాకా బిగించి ఆపేశాడు. రెండు రోజులు ఎండలో నిలిపి, మెత్తబడి జారిన మేరకు ఇంకో పావు చుట్టు. లోపలి వైపు మాత్రం సీలెంటు పూయలేదు. పైనే ఆపాలి, లోపల మూస్తే నీళ్ళు మధ్యలో ఇరుక్కుని చప్పుడు లేకుండా తుప్పు పట్టిస్తాయి. లైనింగు ఆరబెట్టి, బొట్టుబిళ్ళ కన్నానికి వెనక గుడ్డ అతికి, తిరిగి ఎక్కించాడు. టాపు మీద మోయదగిన బరువు బండి పుస్తకంలో ఉంటుందని, అందులో క్యారియర్ బరువు కూడా కలిసే ఉంటుందని ఒక మాట చెప్పి పంపాడు.

వైశాఖంలో ఇంకో ప్రయాణం. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఏసీ నాలుగు మీద. గంట గడిచాక ముందు సీట్లో మామగారు కాళ్ళు పైకి లాక్కున్నారు. పాదాల దగ్గర కార్పెట్టు చెరువు. ఏసీ నీళ్ళు బయటికి పోయే సన్నటి గొట్టం దుమ్ముతో మూసుకుపోయి, నీళ్ళు లోపలికే మళ్ళాయి. గొట్టం కొస కింద నుంచి ఊదితే రెండు నిమిషాల పని.

అత్తగారు గొడుగు తెరిచారు. బావమరిది అప్పటికే బండి ఆపించి, పక్క హోటల్లో నిచ్చెన అడుగుతున్నాడు.