స్టాండు వణికితే తప్పు పిల్లది కాదు

"మేడమ్, పీస్‌లో ప్రాబ్లమ్ ఏమీ లేదు. పాపకి వాడటం రావట్లేదు, అంతే. ఇంట్లో జెంట్స్ ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి, ఎలా బిగించాలో చెప్తాను."

సాయంత్రం ఒక టెలిస్కోపుల అమ్మకందారు నాతో అన్న మాట ఇది. ఫోన్ పెట్టేసి చాలాసేపయింది కానీ కోపం దిగలేదు. మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి. పండగలకీ పుట్టినరోజుకీ వచ్చిన డబ్బులు దాచుకుని ఆ టెలిస్కోప్ కొనుక్కుంది. గురుగ్రహం పక్కన నాలుగు చందమామలు చూడాలని దాని ఆశ. డాబా మీద స్టాండుని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, "అత్తా, వచ్చింది... అయ్యో పోయింది... మళ్లీ వచ్చింది" అంటూనే ఉంది. చివరికి "నాకు చేతకావట్లేదు అత్తా" అని కిందికి వెళ్లిపోయింది. చేతకానిది ఆ పిల్లకా? నిలబడటమే రాని ఆ స్టాండుకి కదా!

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 525 రెట్లు అని రాసి ఉంది. ఆ అంకె ఎక్కడిదో చెప్తాను, వినండి. లోపల ఉన్నది 70 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు, దాని ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే చోటుకి దూరం, 700 మిల్లీమీటర్లు. దానికి 4 మిల్లీమీటర్ల ఐపీస్, అంటే మనం కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు, పెడితే 700ని 4తో భాగించాలి, 175. దాని ముందు మూడింతలు చేసే ప్లాస్టిక్ బార్లో లెన్స్ తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు, అందుకే వాళ్లని ఎవరూ పట్టుకోలేరు. కానీ చిన్న టెలిస్కోప్‌కి పనికొచ్చే పవర్ దాని లెన్సు వెడల్పు మిల్లీమీటర్‌కి సుమారు రెండు రెట్లే. అంటే 70 మిల్లీమీటర్లకి 140. అదీ గాలి నిలకడగా ఉన్న మంచి రాత్రి. ఆపైన బొమ్మ పెద్దదవుతుంది, మసకబారుతుంది, కొత్తగా ఒక్క గీత కూడా కనిపించదు. ఇది ఈ సరుకు అమ్మే ప్రతివాడికీ తెలుసు. తెలిసే అచ్చేస్తున్నారు.

అసలు ఆ పిల్లకి 525 ఎందుకు? గురుగ్రహపు ఆ నాలుగు ఉపగ్రహాలు 30 రెట్లకే చక్కగా కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసింది ఇంకా తక్కువ, సుమారు 20 రెట్ల పవర్‌తో. అదే డబ్బాలోని 25 మిల్లీమీటర్ల ఐపీస్ 28 రెట్లు ఇస్తుంది, అది చాలు. కానీ ఆ 28 రెట్లు కూడా ఆ స్టాండు మీద నిలవడం లేదు, నా గొడవంతా అదే. పవర్ ఎంత పెంచితే వణుకూ అంతే పెరుగుతుంది. కాళ్లు రేకులాంటి అల్యూమినియం, పైన ట్యూబుని పట్టుకునే ప్లాస్టిక్ ఫోర్కు, రెండు పక్కలా చెరో మర. ఫోకస్ నాబ్ మీద వేలు పెట్టగానే గ్రహం ఎగిరి పక్కకి పోతుంది. వేలు తీశాక ఆగడానికి ఐదారు సెకన్లు. ఆగింది కదా అని ఫోకస్ సరిచేద్దామంటే మళ్లీ వేలు పెట్టాలి! మర గట్టిగా బిగిస్తే ట్యూబు కదలదు, వదులు చేస్తే ముక్కు కిందికి వాలిపోతుంది. ఇక నడినెత్తిన ఉన్న దేన్నైనా చూద్దామంటే ట్యూబు వెనక భాగం ట్రైపాడ్ కాలికి తగులుతుంది. లెన్సు మాత్రం నిజంగా మంచిదే. బుల్లెట్ ఇంజను తెచ్చి డొక్కు సైకిల్ చట్రానికి బిగించినట్టుంది వ్యవహారం.

పైగా మన కింద భూమి తిరుగుతోంది. ఆకాశం గంటకి 15 డిగ్రీలు జరుగుతుంది. 28 రెట్ల దగ్గర గ్రహం ఐపీస్ ఈ చివర నుంచి ఆ చివరికి పోవడానికి ఏడు నిమిషాలదాకా పడుతుంది, పిల్లలు హాయిగా చూడొచ్చు. వాళ్లు గొప్పగా చెప్పుకునే 525 దగ్గర ఇరవై సెకన్లకి అటూ ఇటుగానే ఉంటుంది. అందులో ఐదారు సెకన్లు వణుకుకే పోతే, మిగిలిన కాస్త టైములో పిల్ల కన్ను పెట్టి ఏం చూడాలి?

ఇదంతా నేను ఆయనకి ఫోన్‌లో చెప్పాను. బిగింపు మరలు, బార్లో, లెన్సు కొలతతో సహా చెప్పాను. దానికి వచ్చిన జవాబే "జెంట్స్ ఎవరైనా ఉంటే". ఏళ్ల తరబడి ఈ డాబా మీద టెలిస్కోపులు విప్పి, తుడిచి, బిగించి, వీధిలో పిల్లలందరికీ శని వలయాలు చూపించింది నేను. మా ఆయనకి ధ్రువ నక్షత్రం ఎటు ఉంటుందో కూడా నేనే చూపించాను. ఒక ఆడపిల్ల సొంత డబ్బుతో టెలిస్కోప్ కొనుక్కుంటే, వాళ్లు అమ్మిన వస్తువు పనిచేయకపోయినా తప్పు ఆ పిల్లదే, అడిగిన అత్తదే. ఈ మాట ఆ పిల్ల కూడా పక్కనే ఉండి విన్నది. నాకు అదే ఎక్కువ మండుతోంది.

ఇప్పుడు కామెంట్లలో కొందరు వస్తారు, "ఈక్వటోరియల్ మౌంట్ తీసుకోవాల్సింది" అని. అంటే భూమి తిరుగుడుకి తగ్గట్టు టెలిస్కోప్‌ని తిప్పే స్టాండు. వీళ్లంతా అమెరికా, యూరప్ వాళ్ల వీడియోలు చూసి మాట్లాడతారు. ఆ మౌంట్ ఒక ఇరుసుని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. అది ఆకాశంలో ఎంత ఎత్తున ఉంటుందంటే, మనమున్న చోటు అక్షాంశం ఎంతో అంత. వాళ్లకి 40, 50 డిగ్రీలు. హైదరాబాద్‌లో 17, విజయవాడలో పదహారున్నర, తిరుపతిలో పద్నాలుగు కూడా లేదు. మా డాబా నుంచి ఉత్తరం వైపు 17 డిగ్రీల ఎత్తులో కనిపించేది పక్క అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకు. ఇరుసు అంత కిందికి వంచేసరికి బరువులు తగిలించే కడ్డీ దాదాపు నిలువుగా దిగి, చాలా చిన్న మౌంట్లలో ట్రైపాడ్ కాలికే కొట్టుకుంటుంది. చవక సెట్టుతో వచ్చే ఈక్వటోరియల్ మౌంట్ కూడా అంతే వణుకుతుంది, పైగా బిగించాల్సిన మరలు రెట్టింపు. ఫొటోలు తీసేవాళ్లకి, మంచి బరువైన మౌంట్ కొనగలిగినవాళ్లకి అది కావాలి. తొమ్మిదో తరగతి పిల్లకి వద్దు.

ఆ పిల్లకి కావలసింది డాబ్సోనియన్, అంటే చెక్క పెట్టె స్టాండు మీద కూర్చునే అద్దం టెలిస్కోప్. దాన్ని మనకిచ్చిన జాన్ డాబ్సన్ గురించి మనవాళ్లకి తెలియకపోవడం నాకు నిజంగా బాధ. 1915లో బీజింగ్‌లో పుట్టాడు. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో, అంటే మన రామకృష్ణ సంప్రదాయపు మఠంలో, సన్యాసిగా చేరాడు. చేతిలో డబ్బు లేదు. పాత గాజు బిళ్లలు తెచ్చి తనే అద్దాలుగా అరగదీశాడు, అట్ట గొట్టాలని ట్యూబులు చేశాడు, చెక్క పెట్టెలో కూర్చోబెట్టాడు. 1967లో మఠం వదిలి, మరుసటి ఏడాది స్నేహితులతో కలిసి ఫుట్‌పాత్ మీద టెలిస్కోప్ పెట్టి దారిన పోయే ప్రతివాణ్నీ పిలిచి ఆకాశం చూపించే సంఘం మొదలుపెట్టాడు. 2014లో పోయేదాకా అదే పని. ఆయన స్టాండులో ఉన్నదల్లా చెక్క, సన్‌మైకా లాంటి లామినేట్, దాని మీద జారే టెఫ్లాన్ ముక్కలు. తోస్తే మెత్తగా జరుగుతుంది, చెయ్యి తీస్తే అక్కడే ఆగుతుంది. ప్లైవుడ్, సన్‌మైకా దొరకని ఊరు మనకి ఉందా? మన వడ్రంగులకి ఈ పెట్టె ఒక లెక్కా? అయినా మన పిల్లలకి రేకు కాళ్ల ట్రైపాడే అంటగడుతున్నారు.

బల్ల మీద పెట్టే చిన్న డాబ్సోనియన్లు, 114 లేదా 130 మిల్లీమీటర్ల అద్దంతో, ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. కింద బలమైన స్టూలు ఉండాలి, అంతే. ఆ బడ్జెట్ లేదంటే, ఇప్పటికే కొన్న 70 మిల్లీమీటర్ల ట్యూబుని ఆ ఫోర్కు నుంచి తీసేసి బరువైన ట్రైపాడ్ మీదికి మార్చండి. కాళ్లు పూర్తిగా సాగదీయొద్దు, కుర్చీలో కూర్చుని చూడండి. ట్రైపాడ్ మధ్యలో ఇసుక సంచి వేలాడదీయండి. వణుకు ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

ఇక డబ్బాలో ఊరికే ఇచ్చే సామాను సంగతి. కొన్ని సెట్లలో ఐపీస్‌కి మరతో బిగించే నల్లటి సన్ ఫిల్టర్ వస్తుంది. అది కనపడగానే సుత్తితో పగలగొట్టి పారేయండి. లెన్సు మొత్తం పోగుచేసిన ఎండ వేడి ఆ చిన్న గాజు ముక్క మీద పడుతుంది. అది పగిలిన క్షణంలో కన్ను పోతుంది. సూర్యుణ్ని చూడాలంటే ట్యూబు ముందు భాగం మొత్తం కప్పే సోలార్ ఫిల్టర్ పెట్టాలి, ఫైండర్‌కి, అంటే గురి చూసుకోవడానికి ట్యూబు మీద ఉండే చిన్న గొట్టానికి, కూడా మూత ఉండాలి. పిల్లల వస్తువులో ఇంత ప్రమాదకరమైనది పెట్టి అమ్మేవాడికి నిద్రెలా పడుతుందో! ఆ మూడింతల బార్లో, 4 మిల్లీమీటర్ల ఐపీస్ కూడా పక్కన పెట్టేయండి. డబ్బుంటే 1.25 అంగుళాల గొట్టం ఉన్న ప్లోసల్ రకం ఐపీసులు రెండు, ఒకటి 25, ఒకటి 10 మిల్లీమీటర్లు, కొనండి. రేపు టెలిస్కోప్ మారినా అవి పనికొస్తాయి. గురి కుదరని ప్లాస్టిక్ ఫైండర్ బదులు ఎర్ర చుక్కతో గురి చూపించే రెడ్ డాట్ ఫైండర్ పెట్టండి. ఫోన్ హోల్డర్ మాత్రం స్టాండు బాగుపడ్డాకే. ఫోన్ బరువు పడితే ఆ ఫోర్కు ఇంకా వాలిపోతుంది.

స్టాండు మాట వచ్చింది కాబట్టి నా మనసులో ఎప్పటినుంచో ఉన్నది చెప్పేస్తాను. కొన్నేళ్ల క్రితం ఒక స్కూలు వాళ్లు పిల్లలకి ఆకాశం చూపించమని పిలిచారు. సైన్స్ ల్యాబ్ కోసం వచ్చిన నిధులతో కొన్న టెలిస్కోప్ ఉందన్నారు. బీరువా తాళం కోసమే చాలాసేపు వెతికారు. తీస్తే ట్యూబు కొత్తది కొత్తగానే ఉంది, లెన్సు మీద గీత లేదు. స్టాండు ఒక కాలు క్లిప్పు విరిగి, సుతిలి తాడుతో కట్టి ఉంది. ఎప్పుడు విరిగిందని అడిగితే, వచ్చిన వారంలోనే అన్నారు. మరి బాగు చేయించలేదేం? "పిల్లలు ముట్టుకుంటే పాడు చేస్తారని లోపల పెట్టేశాం మేడమ్." ఆ వారం తర్వాత చదువు ముగించి వెళ్లిపోయిన పిల్లల్లో ఒక్కరు కూడా దానిలోంచి చంద్రుణ్ని చూడలేదు! ఆర్డర్ కాగితం నేను చూశాను. లెన్సు ఎంతో రాసి ఉంది, పవర్ ఎంతో రాసి ఉంది, మౌంట్ గురించి ఒక్క ముక్క లేదు. ఆ రోజు నేను తీసుకెళ్లిన చెక్క పెట్టె టెలిస్కోప్ ముందు పిల్లలు గేటు దాకా లైను కట్టారు. ఎవరూ ఏదీ పాడు చేయలేదు.

స్కూళ్లకి టెలిస్కోపులు కొనే కమిటీల్లో మీలో ఎవరైనా ఉంటే, సంతకం పెట్టే ముందు ట్యూబుని ఆ స్టాండు మీద బిగించమని అడగండి. దూరంగా ఉన్న ఒక లైటు మీద ఫోకస్ పెట్టి, ట్యూబుని వేలితో తట్టండి. బొమ్మ ఎన్ని సెకన్లకి ఆగుతుందో లెక్కపెట్టండి. మూడు దాటితే వెనక్కి పంపేయండి. పవర్ ఎంతని ఎవరూ అడక్కండి.