జాన్సన్ ‘పేదరికంపై యుద్ధం’లో ఏవి నిలిచాయి, ఎందుకు నిలిచాయి?

ఫెడరల్ ప్రభుత్వం పేదరికంపై యుద్ధం ప్రకటించిందని, అందులో పేదరికమే గెలిచిందని 1988 జనవరిలో అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ కాంగ్రెస్ ఎదుట అన్నారు. 1960ల నాటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంక్షేమ పథకాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ మాటను వల్లించేవారు అమెరికాలో నేటికీ ఉన్నారు. అంకెలు మాత్రం ఆ తీర్పును సమర్థించవు. జాన్సన్ ఈ యుద్ధం ప్రకటించిన 1964లో అమెరికన్లలో 19 శాతం మంది దారిద్ర్యరేఖకు దిగువన ఉండగా, 1969 నాటికి ఆ వాటా 12.1 శాతానికి, 1973 నాటికి 11.1 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదలలో ఆనాటి ఆర్థిక వృద్ధి పాత్ర పెద్దదే. అయితే ఆ రేఖ లెక్క చేతికందిన నగదు ఆదాయాన్నే చూస్తుంది. తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం పేదలకిచ్చే ఫుడ్ స్టాంపులతో కొన్నదాన్ని గానీ, పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ చెల్లించిన ఆసుపత్రి బిల్లును గానీ పట్టించుకోదు. పేదలకు అందినదాంట్లో ముఖ్యమైన భాగాన్ని లెక్కలోకే తీసుకోని కొలతతో, వారికి ఏమీ అందలేదని తేల్చడం న్యాయం కాదు.

జాన్సన్ పథకాల విలువ తేల్చాలంటే వాటిని చట్టం ఏ రూపంలో పుట్టించిందో చూడాలని నా అభిప్రాయం. కొన్నింటిని కాంగ్రెస్ పౌరుల హక్కుగా రాసింది. కొన్నింటికి ఏటేటా నిధుల కోసం చేయి చాచవలసిన స్థితి కల్పించింది. మరికొన్నింటిని రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. అరవై ఏళ్ల తర్వాత వాటి బలాబలాలలో కనిపించే తేడాకు మూలం చాలావరకు అక్కడే ఉంది.

హక్కుగా పుట్టినవాటిలో అన్నిటికన్నా గట్టిది, 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. 1965కు ముందు 65 ఏళ్లు దాటిన అమెరికన్లలో దాదాపు సగం మందికి ఆసుపత్రి బీమా లేదు. ఒక్క పెద్ద జబ్బు వస్తే జీవితకాలపు పొదుపు తుడిచిపెట్టుకుపోయేది, మిగిలిన భారం పిల్లల నెత్తిన పడేది. జాతీయ ఆరోగ్య బీమా కోసం పోరాడి ఓడిన మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ దగ్గరికి, మిస్సోరీలోని ఇండిపెండెన్స్‌కు వెళ్లి, 1965 జులై 30న జాన్సన్ ఆ చట్టంపై సంతకం చేశారు. ఏడాది తిరగకముందే, 1966 జులై 1 నుంచి, సుమారు 1.9 కోట్ల మందికి అది అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం సాధించిన మరో ఫలితం గురించి చాలా తక్కువగా మాట్లాడుకుంటాం గానీ, నాకు ఈ మొత్తం చరిత్రలో అదే అన్నిటికన్నా గొప్పదిగా కనిపిస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లోని అనేక ఆసుపత్రులు అప్పటికి నల్లజాతి రోగులను చేర్చుకునేవి కావు. చేర్చుకున్నా వేరే వార్డుల్లో ఉంచేవి. ఫెడరల్ నిధులతో ఆసుపత్రులు కట్టించిన 1946 నాటి హిల్-బర్టన్ చట్టం సైతం సౌకర్యాలు సమానంగా ఉంటే చాలన్న నెపంతో ఈ వేర్పాటును అనుమతించింది. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ సంస్థా జాతి వివక్ష చూపరాదని 1964 పౌర హక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం శాసించింది, కానీ ఆ శాసనం పేచీ పెట్టేవారిని లొంగదీయాలంటే వారు వదులుకోలేనంత డబ్బు ఎదురుగా ఉండాలి. మెడికేర్ ఆ డబ్బును తెచ్చింది. వార్డులు కలపని ఆసుపత్రికి మెడికేర్ చెల్లింపులు ఉండవని ప్రభుత్వం స్పష్టం చేసి, తనిఖీకి మనుషులను పంపడంతో, కొన్ని నెలల్లోనే వెయ్యికి పైగా ఆసుపత్రులు వేర్పాటును వదులుకున్నాయి. పాఠశాలల్లో జాతుల వేర్పాటు చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా దక్షిణాదిలో పదేళ్ల పాటు పెద్దగా కదలిక లేదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ వేగం ఎంత అసాధారణమో అర్థమవుతుంది. ఆ తర్వాతి ఏళ్లలో మిసిసిపీలో నల్లజాతి శిశు మరణాలు గణనీయంగా తగ్గాయి.

వైద్యుల సంఘాన్ని, ఆసుపత్రులను ఒప్పించడానికి వారు చూపిన ఖర్చును దాదాపు యథాతథంగా చెల్లించేందుకు ప్రభుత్వం అంగీకరించడం, ఆ తర్వాత వైద్య ఖర్చులు విపరీతంగా పెరగడానికి ఒక కారణమైంది. ఆ లోపాన్ని దాచనక్కరలేదు.

ఇక పేరుకు ‘పేదరికంపై యుద్ధం’గా చలామణీ అయిన 1964 ఆగస్టు నాటి ఆర్థిక అవకాశాల చట్టం సంగతి చూడండి. మొదటి ఏడాదికి దాని కింద అనుమతించిన మొత్తం వంద కోట్ల డాలర్ల లోపే. నాటి పేదల సంఖ్య 3.6 కోట్లు కనుక తలకు 30 డాలర్లు కూడా రావు. అదే ఏడాది ఫిబ్రవరిలో జాన్సన్ సంతకం చేసిన పన్ను తగ్గింపు విలువ 1,100 కోట్ల డాలర్లకు పైమాట. నిరుద్యోగులకు ప్రభుత్వమే పనులు కల్పించాలని, అందుకు సిగరెట్లపై పన్ను వేయాలని కార్మిక మంత్రి విల్లార్డ్ విర్ట్జ్ వర్గం చేసిన ప్రతిపాదనను ఆయన తోసిపుచ్చారు. పేదలకు శిక్షణ, చదువు, అవకాశం ఇస్తే చాలు, ఉద్యోగాలు వాటంతట అవే దొరుకుతాయన్న నమ్మకం మీద ఈ చట్టం నిలబడింది. పనే లేని అపలాచియా కొండప్రాంతపు బొగ్గు ఊళ్లలో, కర్మాగారాలు తరలిపోతున్న నగరాల్లో ఆ నమ్మకానికి ఆధారం లేదు. జాన్సన్ చేసిన అసలు తప్పు ఇదేనని నేను భావిస్తాను.

ఈ చట్టం అమలు కోసం ఏర్పడి, సార్జెంట్ ష్రైవర్ నడిపిన ప్రభుత్వ విభాగం, పథకాల నిర్వహణలో పేదలకే సాధ్యమైనంత ఎక్కువ భాగస్వామ్యం ఉండాలన్న నిబంధనతో కమ్యూనిటీ యాక్షన్ సంఘాలను ఏర్పాటు చేసింది. తమ చేతి మీదుగా కాకుండా నిధులు బస్తీల్లోకి వెళ్లడం నగర మేయర్లకు మింగుడుపడలేదు. షికాగో మేయర్ రిచర్డ్ డేలీ వంటి సొంత పార్టీవారే అధ్యక్షుడి మీద ఒత్తిడి తెచ్చారు. 1967 సవరణతో ఈ సంఘాలపై స్థానిక ప్రభుత్వాలకు పట్టు దొరికింది. అప్పటికి వియత్నాం యుద్ధం ఖజానాను తోడేస్తోంది. 1968లో 10 శాతం అదనపు పన్నుకు కాంగ్రెస్ ఒప్పుకోవాలంటే ఇతర వ్యయంలో 600 కోట్ల డాలర్ల కోతకు జాన్సన్ తలొగ్గవలసి వచ్చింది. కోత పడాల్సి వస్తే ఏటా ఓటుతో నిధులు తెచ్చుకునే పథకాలే ముందు చిక్కుతాయి, మెడికేర్ చిక్కదు. పేద కుటుంబాల చిన్నపిల్లలను బడికి సిద్ధం చేయడానికి పెట్టిన హెడ్ స్టార్ట్ ఈ గండాన్ని దాటి నేటికీ నడుస్తున్న మాట నిజమే, కానీ అర్హులైన పిల్లలందరికీ అది ఎన్నడూ చేరలేదు.

1964, 1965 నాటి చట్టాల్లో మన తెలుగువారి బతుకులను నేరుగా మార్చినది కూడా ఒకటి ఉంది. 1965 అక్టోబరు 3న సంతకమైన వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దు చేసింది. అంతకుముందు భారతీయులకు ఉన్న కోటా ఏడాదికి వంద మాత్రమే. గుంటూరు, వరంగల్, విశాఖపట్నం వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు అమెరికా ఆసుపత్రుల్లో కొలువు చేయగలగడానికి దారి తీసినది ఈ చట్టమే. మెడికేర్ వల్ల అక్కడ డాక్టర్లకు పెరిగిన గిరాకీ కూడా వారికి కలిసివచ్చింది.

పేదలకు వైద్యం అందించే మెడికెయిడ్ కూడా మెడికేర్ పుట్టిన చట్టంలోనే పుట్టింది. కానీ చేరాలా వద్దా, ఎవరిని చేర్చుకోవాలి అన్నది చాలావరకు రాష్ట్రాల నిర్ణయానికి వదిలేశారు. అరిజోనా 1982 వరకు అందులో చేరనే లేదు. 2010 ఆరోగ్య చట్టం దాన్ని పేదలందరికీ విస్తరించబోతే, రాష్ట్రాలను అలా బలవంతపెట్టరాదని 2012లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. జాన్సన్ పుట్టిన టెక్సాస్‌తో పాటు మిసిసిపీ, అలబామా ఆ విస్తరణకు నేటికీ ఒప్పుకోలేదు. ఆ రాష్ట్రాల్లో 65 ఏళ్లు నిండిన పేదకు ఆసుపత్రి తలుపు తెరుచుకుంటుంది. పిల్లలు లేని 40 ఏళ్ల పేద కూలీకి మాత్రం, వైకల్యం ఉంటే తప్ప, మెడికెయిడ్ దొరకదు.