సవరణ: చలికాలం సలాడ్‌కి చెప్పిన గంగవాయిలి గురించి

విజయవాడలో మేడ మీద చలికాలం సలాడ్‌కి గంగవాయిలి కూర పెంచుకోవచ్చని కిందటి పోస్టులో రాశాను. అది మన పొలాల్లో కలుపుగా మొలిచే మొక్కే, ఇంగ్లీషులో పర్‌స్లేన్ అంటారు. ‘వింటర్ పర్‌స్లేన్’ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే విత్తనాలు కొనకండి. అవి ఉత్తర అమెరికా పశ్చిమ ప్రాంతపు క్లేటోనియా అనే వేరే మొక్కవి. అది మంచును తట్టుకుంటుంది కానీ మన వేడికి నిలవదు.

గంగవాయిలి వేడిని ఇష్టపడేదే. అయినా ఇక్కడి చలికి చావదు, ఎదుగుదల మాత్రం నెమ్మదిస్తుంది. కుండీని బాగా ఎండ తగిలేచోట పెట్టండి. విత్తనం మొలవడానికి వెలుతురు కావాలి, అందుకే మట్టి కప్పకుండా పైన చల్లితే చాలు.

దయచేసి ఒక్కటి మర్చిపోవద్దు: తుంచితే తెల్లటి పాలు కారే మొక్క గంగవాయిలి కాదు, పీకేయండి. బందరు కాలువ గట్టున మొలిచింది పచ్చిగా తినొద్దు. గంగవాయిలిలో ఆక్సలేట్లు (కిడ్నీలో రాళ్లు కట్టడానికి దోహదపడే పదార్థాలు) ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే తినాలి.