కర్రీ అను మాటపై ఒక విన్నపం

మొన్న మాఘమాసంలో పాలకొల్లులో ఒక పెళ్ళికి వెళ్ళాను. బఫే పెట్టారు. ప్రతి గిన్నె ముందూ చిన్న అట్టముక్క, దాని మీద ఇంగ్లీషు పేరు. మా బావగారు పళ్ళెం పట్టుకుని ఈ చివర్నించి ఆ చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చారు.

"ఏం కూరలున్నాయి బావగారూ?"

"కూరలేం లేవోయ్. ఏడు కర్రీలున్నాయి."

జాక్‌ఫ్రూట్ కర్రీ అనే అట్టముక్క వెనక, ఆవ పెట్టిన పనసపొట్టు తల దించుకుని కూర్చుంది. బటర్‌మిల్క్ కర్రీ అంటే మజ్జిగపులుసు. ఎలిఫెంట్ ఫుట్ కర్రీ దగ్గర మాత్రం ఆయన ఆగిపోయి, "భోజనాలు శాకాహారమే అన్నారే?" అని పెళ్ళికొడుకు మేనమామని పక్కకి పిలిచి అడిగారు. అది కంద బచ్చలి అని తేలాక మంచినీళ్ళు తాగారు.

ఇంగ్లీషువాళ్ళని తిట్టాలంటే డెల్టాలో మాకు సగం నోరే లేస్తుంది. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి కాలవల్లో నీళ్ళు పారించాడు. ఆ నీళ్ళు తాగిన నోటితో ఏమనగలం? అయినా అనక తప్పదు. ధవళేశ్వరం దగ్గర గోదారి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. దేని పేరు దానిదే. దొరల భాష వచ్చి మా వంటింట్లో పాయలన్నీ ఎదురు తిప్పి ఒకే బోదెలో పోసింది.

నీళ్ళు ఇగిరిపోతే ఇగురు. చింతపండు పిసికి పోస్తే పులుసు. ఆనపకాయ ముక్కల్లో పాలు పోస్తే పాలు పోసిన కూర. అన్ని ముక్కలూ ఒక్కచోట పులుసులో ఉడికితే దప్పళం. రొయ్యల ఇగురు అడిగిన కొత్తల్లుడికి రొయ్యల పులుసు వడ్డించి చూడండి, సంక్రాంతి దాకా మాట్లాడడు. అంతెందుకు, సముద్రంలో ఉన్నంతసేపూ విలస, వరద గోదారికి ఎదురీది వచ్చాక పులస. నీళ్ళు మారాయని చేపకే పేరు మార్చిన జనం మేము. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, పుస్తెలమ్మి ఫిష్ కర్రీ తినమని ఏ ముసలమ్మా అనలేదు. అని ఉంటే ఆ కాపురం నిలిచేది కాదు.

పోనీ, ఆ మాటకైనా ఒక అర్థం మీద నిలకడ ఉందా? తమిళుల 'కరి' పట్టుకుపోయి కర్రీ చేశారంటారు. 1747లో లండన్‌లో హానా గ్లాస్ అనే ఆవిడ తన వంటల పుస్తకంలో ఇండియా పద్ధతి కర్రీ ఒకటి రాసింది. కోడి గానీ కుందేలు గానీ తీసుకోమంది, 30 మిరియాలు వెయ్యమంది, ధనియాలు మాత్రం శుభ్రమైన పార మీద వేయించమంది. పార! మా వైపు పార పట్టుకున్నవాడు చేను గట్టు మీదికి వెళ్తాడు, పొయ్యి దగ్గరికి రాడు. తర్వాత కర్రీ పౌడర్ అని ఒక డబ్బా పుట్టింది. కరివేపాకుకి కర్రీ లీఫ్ అని పేరు పెట్టి, ఆ డబ్బాల్లో చాలావాటిలో ఆ ఆకే వెయ్యరు. కూరలో కరివేపాకులా తీసి పారేశారని మనం మనుషుల గురించి అంటాం. వాళ్ళు కరివేపాకునే కరివేపాకుని చేశారు.

వాళ్ళ దగ్గర అంతకుముందే ఇంకొకటుంది. 1390 ప్రాంతంలో రెండో రిచర్డ్ రాజుగారి వంటవాళ్ళు 'క్యూరీ' అని రాసుకున్నారు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాటకి అర్థం వంట చేయడం. మన కూరతో చుట్టరికం లేదు, ఇంటిపేరు కలిసిందంతే.

గుర్రాన్ని తోమడం కూడా కర్రీయే. మా వైపు గేదెని కాలవలో దింపి గడ్డిచుట్టతో తోముతామే, ఆ పని. 14వ శతాబ్దపు ఫ్రెంచి కావ్యమొకదానిలో ఫోవెల్ అనే గుర్రాన్ని రాజులూ మతాధికారులూ వరసకట్టి తోముతారు. ఆ ఫోవెల్ జనం నోట్లో నలిగి ఫేవర్ అయింది, 'కర్రీ ఫేవర్' అంటే కాకా పట్టడం అయింది. ఈ ఒక్క కర్రీ వండటానికి మా జిల్లాల్లో మనుషుల కొరత లేదు. ఎన్నికల ముందు మరీను.

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఒకసారి ఫోన్ చేస్తే, "ఫంక్షన్‌ని కర్రీ చేస్తున్నా బాబాయ్, తర్వాత మాట్లాడతా" అన్నాడు. ఉద్యోగం పోయి క్యాటరింగ్‌లో దిగాడనుకుని, వాళ్ళమ్మకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే 1900లో పుట్టిన హాస్కెల్ కర్రీ అనే అమెరికా గణితజ్ఞుడి పేరట అది. నాలుగూ ఒకేసారి మింగే ఫంక్షన్‌ని ఒక్కొక్కటే తీసుకునేలా విడగొట్టడమట. అంటే బంతి భోజనం! పప్పు అయ్యాక కూర, కూర అయ్యాక పులుసు. ఇన్ని కర్రీల్లో మన వడ్డన తెలిసినది పొయ్యితో పనిలేని ఈ ఒక్కదానికే.

జర్మనీలో 1949 నుంచీ సాసేజి మీద కర్రీ పొడి చల్లుకుంటున్నారు, జపాన్ నౌకాదళం శుక్రవారం శుక్రవారం కర్రీ అన్నం తింటుంది. వాళ్ళిష్టం.

మనమేమన్నా తక్కువ తిన్నామా అంటే, లేదు. తోటకూర మడిలో ఉన్నా కూరే, చేటలో ఉన్నా కూరే, పళ్ళెంలో పడ్డా కూరే. గుత్తివంకాయలో కారం పెట్టడం కూరడం, పెట్టాక అదీ కూరే. ఈ పేరా మాత్రం ఇంగ్లీషువాళ్ళకి ఎవరూ చదివి చెప్పకండి.

ఇవన్నీ విన్నపంగా రాసి ఎవరికైనా ఇద్దామనుకుంటుండగా మా ఆవిడ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. కుక్కర్లో అన్నం పడేసి సెంటర్లోని కర్రీ పాయింట్‌కి వెళ్ళాను.

"ఏమున్నాయి బాబూ?"

"వంకాయ కర్రీ, దొండకాయ కర్రీ, పప్పు కర్రీ, చారు కర్రీ అండి."

"చారు కర్రీ ఎలా అవుతుందయ్యా?"

కుర్రాడు కవరు మూతికి రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు తిప్పాడు. "కవర్లో కట్టేస్తే అన్నీ కర్రీలేనండి, ఆయ్."

1747 నుంచీ ఇంత తేటగా చెప్పినవాళ్ళు లేరు. పెరుగు కర్రీ కూడా ఒకటి కట్టమన్నాను.